ముప్పై మూడో పూస

"రంధ్రం సరిగ్గా తలలోంచి పోయింది మేడమ్," అన్నాడు కిరణ్, మైక్రోస్కోపు మీంచి కళ్ళు తీయకుండానే. "రెక్కలున్నాయి. పొట్ట ఉంది. వెనక కాళ్ళు నాలుగూ ఉన్నాయి. తలా మెడా లేవు. ఎవరు తొలిచారో గానీ, పూసని కొంచెం పక్కకి తిప్పి తొలిచుంటే ఇదేం పురుగో ఈపాటికి చెప్పేసేవాణ్ణి."

కిరణ్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. ఉక్కునగరంలో పెరిగినవాడు. నేను పత్రికలో పనిచేసే రోజుల నుంచీ వాళ్ళ నాన్నతో నాకు పరిచయం. ఆ రోజు అతని బల్ల మీద ఉన్నది శనగగింజంత పూస. తేనె రంగులో, వెలుతురు పడితే లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది. అందులో బియ్యపుగింజలో సగమైనా లేని పురుగు ఒకటి ఇరుక్కుపోయి ఉంది. నా పక్కన స్టూలు మీద నూర్జహాన్ కూర్చుంది. మేమిద్దరం ఐదేళ్ళప్పటి నుంచీ స్నేహితులం. మిగతా ముప్పై రెండు పూసలూ ఆమె ఒళ్ళో చేతిరుమాలులో మూటకట్టి ఉన్నాయి. అది వాళ్ళమ్మ జపమాల, తస్బీ అంటారు. మల్కాపురంలోని వాళ్ళింట్లో వారం క్రితం దాని దారం తెగింది. గచ్చు మీద పూసలేరుతున్న మనవరాలు ఈ పురుగుని చూసి, ఫోనులో ఏదో వెతికి, "నానీ, ఇది రాకాసి బల్లుల కాలం నాటిదేమో" అందట. వెంటనే నూర్జహాన్ నాకు ఫోను చేసింది. "సత్తీ, నీకు సదువుకున్నోళ్ళందరూ తెలుసు గదే. ఎవరికైనా సూపించు. ఆ పురుగు సీమేనని మా అబ్బా సచ్చేదాకా అన్నాడు. నిజమో కాదో నాను పోయేలోగా తెలుసుకోవాలి."

కిరణ్ మాటకి జవాబు కూడా ఆమే చెప్పింది. "తొలిసింది మా నాన్నే బాబూ. ఆయన్నేటీ అనకు. ఒక పూస నాను పోగొట్టేసాను. దాని బదులు దీన్ని తొలిసాడు."

నేను పక్కనే ఉన్నాను. నలభై ఏళ్ళు పత్రికలో ఇతరులు పంపిన అంకెలు దిద్దినదాన్ని. ఒక ఊళ్ళో పదకొండు ఇళ్ళు కాలిపోయాయని వస్తే, పదకొండా పన్నెండా అని రెండో మనిషిని అడగనిదే అచ్చుకి పంపేదాన్ని కాదు. ఆ పూస పోవడానికి కారణం నూర్జహాన్ కాదనీ, నేనేననీ అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. అరవై ఏళ్ళుగా రాలేదు.

పాతూళ్ళో సముద్రం వైపు దిగే సందుల్లో ఒకదానిలో నూర్జహాన్ వాళ్ళ ఇల్లు ఉండేది. వెనక వాటాలో మేం అద్దెకుండేవాళ్ళం. నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. ఆయన షిఫ్టుని బట్టి మా ఇంట్లో పొద్దు పొడిచేది, పొద్దు గుంకేది. రెండు వాటాలకీ మధ్య ఒకటే పెరడు, ఒకటే నుయ్యి, ఒక మునగచెట్టు. తెల్లవారుతూనే మసీదులో బాంగు వినిపించేది, వెనకనే ఓడ కూత ఒకటి, ఆ తర్వాత మా అమ్మ కిరసనాయిలు స్టవ్వుకి పంపు కొడుతున్న చప్పుడు. ముందు వరండాలోంచి అత్తరు వాసన, సందులోంచి ఎండుచేపల వాసన, గాలి తిరిగితే రిఫైనరీ వైపు నుంచి నూనె వాసన వచ్చేవి. ఆ మూడూ కలిసిన వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఆకలి వేస్తుంది.

నూర్జహాన్ వాళ్ళ నాన్నని నేను ఖాదర్ మావయ్య అనేదాన్ని, వాళ్ళమ్మని జైనబత్త అని. మావయ్య పని పూసలు చెయ్యడం, దండలు గుచ్చడం. వరండాలో గోనెపట్టా పరుచుకుని, మోకాళ్ళ మధ్య చెక్కదిమ్మ పెట్టుకుని, చిన్న విల్లు లాంటి కర్రతో సూదిమొన తిప్పుతూ రంధ్రాలు తొలిచేవాడు. ఖర్జూరపు గింజలు, చందనం, ఎముక, గాజు, ఏదైనా ఆయన చేతిలో గుండ్రమయ్యేది. తస్బీలే కాదు, మా అమ్మమ్మ తులసిపూసల దండా, కోవెల పూజారిగారి రుద్రాక్షలూ ఆయన గుచ్చినవే. ఎవరి దండ అయినా ఆయన పద్ధతి ఒకటే. గుచ్చిన మనిషి లెక్కపెట్టకూడదు. "గుచ్చినోడి కన్ను వాడికే అబద్ధం చెబుతుంది బేటీ. ఉండాల్సినన్ని ఉన్నాయనే అనిపిస్తుంది. రెండో మనిషి లెక్కపెట్టాలి," అనేవాడు. ఆ రెండో మనుషులం మేమిద్దరమే. ఎవరు దగ్గరుంటే వాళ్ళ చేతికి దండ ఇచ్చి, "లెక్కపెట్టు," అని కళ్ళు మూసుకునేవాడు. మేం పైకి లెక్కపెట్టేవాళ్ళం. అంకె సరిపోతేనే ముడి వేసేవాడు. మేం చెప్పిన అంకె మీద ఆయన ఏనాడూ మళ్ళీ లెక్కపెట్టలేదు. అంత పెద్దవాడు మా మాటని అంత నమ్మడం మాకు పండగలా ఉండేది.

అన్ని పూసల్లోకీ ఆయన ప్రాణం పెట్టేది కహ్రుబా మీద. ఎప్పుడో కొన్ని చెట్లు కార్చిన బంక భూమిలో పడి రాయిలా మారితే అది కహ్రుబా. ఇంగ్లీషువాళ్ళు అంబర్ అంటారు. కహ్రుబా అన్న మాటకి గడ్డిపోచని లాక్కునేది అని అర్థమట. ఆయన పూసని తన ఉన్ని మఫ్లరుకి రుద్ది, నేను చింపి పెట్టిన కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరొచ్చి అతుక్కునేవి. చెంపకి ఆనించి చూడమనేవాడు. గాజు చల్లగా ఉంటుంది, ఇది ఉండదు. ఇంకా అనుమానముంటే బాగా ఉప్పు కలిపిన నీళ్ళలో వెయ్యమనేవాడు. కహ్రుబా తేలుతుంది, గాజు మునుగుతుంది. జైనబత్త తస్బీ మొత్తం కహ్రుబాయే. మావయ్య వాళ్ళ నాన్న రంగూన్లో కొట్టు నడిపేవాడు. యుద్ధంలో బాంబులు పడ్డప్పుడు అన్నీ వదిలేసి కాలినడకన వచ్చిన జనంలో ఆయనా ఒకడు. నడుముకి కట్టుకున్న మూటలో మిగిలినవి ఈ పూసలూ, ఇంకొన్ని తొలవని ముక్కలూ.

ఆ తొలవని ముక్కల్ని మావయ్య ఒక రేకు డబ్బాలో దాచేవాడు. వాటిలో ప్రతిదాంట్లోనూ ఏదో ఒక పురుగుంది. ఒకదాంట్లో దోమ కాలు, ఒకదాంట్లో ఈగ రెక్క, అన్నిటికన్నా స్పష్టంగా ఈ రెక్కల పురుగు. కొనేవాళ్ళు అడిగినా ఆయన వాటిని తొలిచేవాడు కాదు. "ప్రాణి ఉన్నదాంట్లోకి నా సూది పోదు," అనేవాడు, ఆ ప్రాణి ఎప్పుడో పోయిందని తెలిసి కూడా. అది మతంలో ఉన్న మాట కాదు, ఆయన పెట్టుకున్న నియమం. శుక్రవారం నమాజు నుంచి వచ్చాక డబ్బా తెరిచి, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే అద్దం మాకిచ్చి చూడనిచ్చేవాడు. అక్కడే మొగుడూ పెళ్ళాలకి గొడవ మొదలయ్యేది.

"ఇది చీమ. మీసాలు చూడు, మోచెయ్యి మడిచినట్టు వంగున్నాయి. చీమకే అలా ఉంటాయి," అనేవాడు మావయ్య.

"చీమకి రెక్కలేటండీ? ఇది కందిరీగ. కళ్ళు నాకు పోతన్నాయా, మీకు పోతన్నాయా?" అనేది అత్త. ఆమెకి అప్పటికే రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. మునుపు చూసిన గుర్తుతోనే వాదించేది.

"వానకి ముందు రెక్కల చీమలు దీపం చుట్టూ రావా?"

"వస్తే రానీండి. ఇది మాత్రం కందిరీగే. కుట్టే మొహం దానిది."

"మొహం నీకెలా తెలుసు?"

"ఇన్నేళ్ళు కాపరం చెయ్యలేదా!"

మేం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ తర్వాత పెరట్లోకి పోయి మునగచెట్టు బెరడు మీద కారిన బంకలో చిక్కుకున్న చీమల్ని చూసేవాళ్ళం. కొన్ని ఇంకా మీసాలు కదుపుతూ ఉండేవి. ఆ బంక కూడా కహ్రుబా అవుతుందనుకుని ఒక ముద్ద గోడవార పాతిపెట్టాం. మునగబంక నీళ్ళలో కరిగిపోయే జాతి, ఎన్ని కోట్ల ఏళ్ళు పాతినా రాయి కాదని కిరణ్ మొన్న చెప్పాడు. మేం పాతిన ముద్ద మొదటి వానకే కరిగి ఉంటుంది.

ఏడాదికోసారి, రంజాను నెల ముందర, మావయ్య అత్త తస్బీకి దారం మార్చేవాడు. ఆ ఏడు అత్తకి విడవని జ్వరం. కళ్ళు దాదాపు పోయాయి. పగలంతా మంచం మీద పడుకుని తస్బీ తిప్పుకోవడమే ఆమెకి పని. మూడు చుట్లకి తొంభై తొమ్మిది. పాత దారం తెంపి పూసలన్నీ పింగాణీ గిన్నెలో పోసి, "శుభ్రంగా కడిగి తెండి," అని మావయ్య మాకిచ్చాడు. అంతకు ముందు రోజు వచ్చిన అత్తరు బేరగాడొకడు ఆ తస్బీ చూసి, ఇందులో సగం ప్లాస్టిక్కేనన్నాడు. మావయ్య నవ్వి ఊరుకున్నాడు గానీ నూర్జహాన్‌కి కడుపు మండిపోయింది. ఉప్పునీళ్ళలో వేసి చూద్దామంది. దానికి శేరుడు ఉప్పు కావాలి. మా అమ్మ ఇవ్వదు, వాళ్ళమ్మ లేవలేదు. అప్పుడు గుర్తొచ్చింది పైడమ్మ కుండ.

పైడమ్మ రేవు దగ్గర జాలరి పేట మనిషి. ఉప్పుచేపలు అమ్ముకుంటూ వచ్చి, మా పెరటి గోడ పక్కన కుండ దించి, మా అమ్మతో కబుర్లలో పడేది. కుండలో చేపలు ఊరిన చిక్కటి ఉప్పునీళ్ళు. మేం గిన్నెడు పూసలూ అందులో పోసేశాం. అన్నీ తేలాయి. ఒక్కటీ మునగలేదు. నూర్జహాన్ గెంతులేసింది. అంతలో వెనక నుంచి పైడమ్మ.

"ఓలమ్మో! నా కుండలో ఏటి కడుగుతన్నారే గుంటల్లారా?"

"పూసలు పైడమ్మా. తేలుతన్నాయో లేదో సూత్తన్నాం."

"సేపలు ఊరబెట్టీ కుండలో దేవుడి పూసలేటే! తియ్యండి, బేగి తియ్యండి. మీయమ్మ సూత్తే నన్నంటాది."

మేం చేతులు పెట్టి దొరికినవి దొరికినట్టు తీశాం. నూర్జహాన్ కుంకుడు రసంతో కడుగుతోంది. మావయ్య పద్ధతిలో కడిగిన మనిషి కూడా లెక్కపెట్టకూడదు కాబట్టి గిన్నె నా చేతికిచ్చి, "లెక్కెట్టు," అంది. పైడమ్మ కుండ ఎత్తి పట్టుకుని ఉంది. "అన్నీ వచ్చీసినాయా? పారబోసేమంటావా?" అని తొందరపెడుతోంది. నేను పద్దెనిమిదో పంతొమ్మిదో దాకా లెక్కపెట్టాను. పూసలు తడిగా జారుతున్నాయి, చేపల వాసన, పైడమ్మ కేకలు. అన్నీ తేలాయి కదా, అన్నీ తీసే ఉంటామనిపించింది. "ముప్పై మూడూ ఉన్నాయి," అన్నాను. పైడమ్మ కుండ తీసుకెళ్ళి సందు చివర ఇసకలో వొంపేసింది. నా జీవితంలో నేనిచ్చిన మొదటి తప్పుడు వార్త అది.

మధ్యాహ్నం మావయ్య గుచ్చడానికి కూర్చున్నాడు. చివరి పూస గుచ్చాక దారం ఎక్కువ మిగిలింది. ఆ దండ పొడవు ఆయన వేళ్ళకి తెలుసు. తల ఎత్తి మా ఇద్దరి వైపూ చూశాడు. నేను నేల చూశాను. "నాను పోగొట్టేసాను అబ్బా. పైడమ్మ కుండలో కడిగాను," అని నూర్జహాన్ ఏడుపు మొదలుపెట్టింది. నా లెక్క సంగతి ఆమె ఎత్తలేదు. ఆమెకి తట్టనే లేదు. నేను ముప్పై మూడన్నానంటే ముప్పై మూడే, ఆ తర్వాత తన చేతిలోనే ఒకటి జారిపోయి ఉంటుందని ఆమె నమ్మకం. ముగ్గురం పోయి ఆ ఇసకంతా జల్లించాం. పైడమ్మా వచ్చి వెతికింది. చేపల పొలుసులు దొరికాయి. లోపలి నుంచి అత్త గొంతు. "తస్బీ ఇంకా అవలేదా అండీ? చేతులు ఖాళీగా ఉన్నాయి."

మావయ్య డబ్బా తెరిచాడు. అంత సైజులో, ఆ రంగులో మిగిలింది ఈ రెక్కల పురుగున్న ముక్క ఒక్కటే. దాన్ని గుండ్రంగా అరగదీశాడు. తర్వాత వెలుతురుకి పట్టుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మధ్యలోంచి తొలవకపోతే దండలో పూస వంకరగా వేలాడుతుంది. మధ్యలోనే పురుగుంది. ఎటు నుంచి తొలిచినా ఏదో ఒకటి పోవాలి. ఆఖరికి ఒక పక్క ఎంచుకుని, పెదాలు కదిలించి ఏదో అనుకుని, విల్లు పట్టుకున్నాడు. సూది తిరుగుతుంటే గుగ్గిలం వేసినట్టు వాసన వచ్చింది. పసుపుపచ్చటి పొడి ఆయన గోళ్ళ మీద పడింది. పని అయ్యాక అద్దం మాకివ్వలేదు.

అత్త పూసలు తిప్పుకుంటూ ఒకచోట బొటనవేలు ఆపింది. "ఇదేటి, దీని అంచు గరుగ్గా ఉంది?"

"పాతదే. ఎండలో ఎండింది," అన్నాడు మావయ్య. ఆయన అబద్ధం చెప్పగా నేను విన్నది ఆ ఒక్కసారే. అత్త ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. డబ్బాలో కందిరీగ భద్రంగా ఉందనుకునే పోయింది.

ఆ సందు ఇప్పుడు గుర్తుపట్టలేం. వరండాలు పోయి షట్టర్లొచ్చాయి. పూసలన్నీ ప్యాకెట్లలో, లెక్క అచ్చేసి వస్తున్నాయి. రెండో మనిషితో పని లేదు. నా ఉద్యోగంలోనూ అంతే. నేను దిగిపోయే నాటికి వార్త పంపినవాడే దిద్దుకుని, వాడే ఎక్కించేసేవాడు. అది మంచికో చెడుకో నేను చెప్పలేను. వేగం మాత్రం వచ్చింది. నూర్జహాన్ రిఫైనరీలో వెల్డర్ని పెళ్ళాడి మల్కాపురం వెళ్ళింది, ఆయన్నీ సాగనంపింది. తల్లి తస్బీ ఆమె చేతికొచ్చింది. ఎప్పుడు కలిసినా ఒకసారైనా అనేది, "నావల్లే గదే అబ్బా ఆ సూది పెట్టాడు," అని. నేను టీ తాగుతూ ఉండేదాన్ని.

ఆ రోజు కాలేజీలో కిరణ్ వివరంగా చెప్పాడు. "చీమలూ కందిరీగలూ ఒకే ఇంటివి మేడమ్. కందిరీగల్లోంచే చీమలొచ్చాయి. ఇది నిజంగా బర్మాదే అయితే పది కోట్ల ఏళ్ళ నాటిది. అప్పటికి చీమలు కొత్తగా వేరు కాపరం పెట్టాయి. పుట్టింటి పోలికలు ఇంకా పోలేదు. రెక్కలు రెండింటికీ ఉంటాయి. తేడా చెప్పాలంటే మీసాలు చూడాలి, మోచెయ్యిలా వంగితే చీమ. ఆ మీసాలే లేవు." నా వైపు తిరిగి అడిగాడు. "తొలవకముందు మీరు చూశారు కదా. వంగి ఉన్నాయా?"

నూర్జహాన్ నా మొహంలోకి చూసింది. అవునంటే ఆమె ప్రాణం కుదుటపడేది. శుక్రవారాలు అద్దంలోంచి చూసిన మాట నిజమే. కానీ నేను చూసింది మీసాలనో, మావయ్య చూడమన్న మాటనో ఎంత తవ్వుకున్నా తేలలేదు. లెక్కపెట్టకుండా అంకె ఇంకోసారి చెప్పదల్చుకోలేదు. "గుర్తు లేదు బాబూ," అన్నాను. తిరిగొచ్చే ఆటోలో ఆలోచిస్తే తట్టింది. ఆ మీసాలు మావయ్య సాక్ష్యం, రెక్కలు అత్త సాక్ష్యం. ఎటు తొలవాలో చాలాసేపు చూసుకుని, ఆయన తన సాక్ష్యాన్ని తొలిచేసుకున్నాడు.

మల్కాపురంలో ఆమె మంచం మీద కూర్చుని పూసలు మళ్ళీ దారానికి ఎక్కిస్తుంటే చెప్పేశాను. పంతొమ్మిది దగ్గర ఆపేశాననీ, ముప్పై మూడని అబద్ధం చెప్పాననీ. ఆమె చేతులు ఆగాయి. కోపం వస్తుందనుకున్నాను.

"ఇన్నేళ్ళూ సెప్పలేదేటే?"

"భయమేసింది. తర్వాత సిగ్గేసింది."

"మా అమ్మీ పోయిన రోజు కూడా నాను ఈ పూస పట్టుకునే ఏడిసాను. నువ్వు పక్కనే ఉన్నావ్."

"ఉన్నాను."

తర్వాత దండ నా చేతికివ్వకుండా తన ఒళ్ళోనే పెట్టుకుని, "అబ్బాకి తెలుసా?" అంది.

కడిగింది తనేనని నూర్జహానే ఆ రోజు ఆయనతో చెప్పింది. కడిగిన మనిషి లెక్కపెట్టదని ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు ఆయన. పూస పోయిన మర్నాడు పొద్దున్న నేను వరండాలోకి వెళ్తే, మా అమ్మమ్మ తులసిదండ గుచ్చడం పూర్తి చేసి ఎప్పటిలాగే నాకే ఇచ్చాడు. "లెక్కపెట్టు," అని కళ్ళు మూసుకున్నాడు. నూట ఎనిమిదీ ఒక్కొక్కటే తాకి, పైకి లెక్కపెట్టాను. ఆయన ముడి వేశాడు. నేను ఇంట్లోకి వచ్చాక ఆ దండ ఇంకెవరికైనా ఇచ్చి మళ్ళీ లెక్కపెట్టించాడో లేదో నాకు తెలియదు.